మూడుగళ్ళ మావయ్య ఖాళీ గడి

“మా సంగతులన్నీ అడిగారు, బాగానే ఉంది. ఇంతకీ మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారండీ?”

గొంతు మీద కత్తి పెట్టి మరీ అడిగాడు సెలూన్ అతను. గడ్డం గీసే కత్తే అనుకోండి. పక్క కుర్చీలో నా తల ఇంకొకరి చేతిలో ఉంది కనక తిరిగి చూసే వీల్లేక అద్దంలోంచి చూశాను. మూడుగళ్ళ మావయ్య నోరు తెరిచాడు. మూశాడు. చెంపల మీద నురగ ఆరిపోతోంది. దారిన పోయే ఎవరినైనా నిలబెట్టి అడిగే మనిషి, తనను అడిగేసరికి గుటక మింగాడు.

“గుటకలు మింగకండి, తెగుతుంది” అన్నాడు సెలూన్ అతను.

మావయ్యకున్నది ఒక్కటే జబ్బు. మనిషి కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ పుట్టారు? ఇంట్లో ఏం మాట్లాడతారు? మీ పెద్దలెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు? ఈ మూడింటికీ జవాబు రాందే ఆయన బస్సులో టికెట్ తీసుకోడు, డాక్టరుకు నాలుక చూపించడు. పొరపాటున ఫోన్ కలిపి “రాంగ్ నంబరండీ” అన్నవాళ్ళు కూడా ముత్తాత పేరు చెప్పందే ఫోన్ పెట్టేయలేకపోయేవారు.

ఒకసారి మా ఆఫీసు క్వార్టర్స్‌లో దొంగ పడ్డాడు. నలుగురం పట్టుకుని స్తంభానికి కట్టేసి పోలీసులకు ఫోన్ చేశాం. వాళ్ళు రావడానికి ముప్పావుగంట పట్టింది. మావయ్య కుర్చీ తెచ్చుకుని దొంగకు ఎదురుగా వేసుకున్నాడు.

“ఎక్కడ పుట్టావయ్యా?”

“చెప్పను.”

“పోనీలే. మీ అమ్మ నిన్ను ఏ భాషలో తిట్టేది?”

దొంగ కాసేపు బిగదీసుకున్నాడు. చివరికి ఆగలేకపోయాడు. “రెండు భాషల్లో. నాన్న ఇంట్లో ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి.”

“అదీ! మీ నాన్న వైపువాళ్ళు పడవలవాళ్ళు కదూ?”

“మీకెలా తెలుసు?”

“తాడు ముడి విప్పుకున్నావుగా!”

చూద్దుము కదా, నిజంగానే ముడి ఎప్పుడో విప్పుకుని, ఊరికే చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. తాత కథ సగంలో ఉందని పారిపోలేదు. పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ ముత్తాత దాకా వెళ్ళారు.

మా ఇద్దరి ఉద్యోగమూ రాష్ట్ర జనాభా లెక్కల ఆఫీసులోనే. ఇంటింటికీ తిరిగి నింపిన ఫారాలు కట్టలు కట్టలుగా మా హాల్లోకి వచ్చి పడతాయి. వాటిలో ఏడు, ఎనిమిది, తొమ్మిది గళ్ళు, అంటే పుట్టిన చోటు, ఇంటి భాష, పూర్వీకులు, మావయ్యవి. అందుకే ఆ పేరు. పెళ్ళి లేదు, కూతురు లేదు, అయినా చిన్నవాళ్ళందరినీ ‘అల్లుడూ’ అని పిలిచేవాడు. ఆ ఆఫీసులో ఆయనకు పదిహేడుమంది అల్లుళ్ళు.

నేను యూనివర్సిటీలో గణాంకాలు చదువుకుని వచ్చినవాణ్ణి. పట్టికలు వేయడం నా పని. నాకు మనుషులంటే శాతాలు. మా రాష్ట్రంలో నూటికి ఇరవైతొమ్మిదిమంది బయట పుట్టినవాళ్ళు, ఇళ్ళలో వినిపించే భాషలు అరవైమూడు అని గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. మావయ్యకు శాతాలు రావు. ఖాళీ గడి కనిపిస్తే మాత్రం చెప్పులో రాయి పడ్డవాడిలా గింజుకునేవాడు. ఎవరైనా ‘తెలియదు’ అని రాసుకొస్తే, “తెలియకపోవడం ఏమిటి? అడగలేదని రాయి” అని ఫారం మొహాన కొట్టేవాడు.

అలాంటి మనిషి, తన ఫారం దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయాడు. క్వార్టర్స్‌లో ఆయనది కింది వాటా, నాది పై వాటా. కాబట్టి ఆయన ఫారం నింపే పని నాకే పడింది. పుట్టిన ఊరు చెప్పాడు. పూర్వీకుల గురించి గంటంపావు చెప్పాడు. ఇంటి భాష దగ్గర ఆగిపోయాడు.

“ఎనిమిదో గడి వదిలెయ్యి అల్లుడూ.”

“మీరేనా ఈ మాట అంటోంది?”

“ఒంటరి వెధవని. ఇంట్లో ఎవరితో మాట్లాడతానని రాసుకుంటావు? ఖాళీగా ఉంచు.”

ఆ ఫారాన్ని పెండింగ్ కట్టలో పెట్టాను. పెండింగ్ ఫారాలను చివరి రోజు సాయంత్రం అయిదు దాకా నింపుకోవచ్చు. అది రూలు.

ఆయనలో ఇంకో రెండు వింతలున్నాయి. అవీ చెప్పేస్తే మీరూ నేనూ సమానం. ఒకటి, చొక్కాలు. ఆఫీసు గేటుకి ఎదురుగా రేకుల పంచలో ఇస్త్రీ అవ్వ బల్ల ఉండేది. అందరం వారానికోసారి మూట ఇచ్చేవాళ్ళం. మావయ్య రోజుకొక చొక్కా పట్టుకెళ్ళేవాడు. ఒకే ఒక్కటి. అది ఇస్త్రీ అయ్యేదాకా అక్కడే నిలబడి, మడత పెట్టించుకుని తెచ్చుకునేవాడు. “ఒకేసారి ఇస్తే చవక కదండీ” అంటే, “నీకు లెక్కలు రావు అల్లుడూ” అనేవాడు. పట్టికలు వేసేవాణ్ణి పట్టుకుని!

రెండోది, గొణుగుడు. సాయంత్రమైతే చాలు, కింది వాటాలోంచి గుంతలదారిలో ఖాళీ డబ్బాలబండి పోతున్నట్టు ఓ గోల మొదలయ్యేది. ఒక్కడే గదిలో తిరుగుతూ ఏదో అడిగేవాడు, తనే జవాబు చెప్పేవాడు, తనతో తనే దెబ్బలాడుకునేవాడు. ఏ భాషో నాకు అంతుబట్టలేదు. ఒక ఏడాది ఓర్చుకున్నాను. తరవాత డైరెక్టరు గారికి కాయితం పెట్టాను. చెవుల్లో దూది పెట్టుకోమని ఆ కాయితం మూలన ఎర్రసిరాతో రాసి, నాకు చూపించి, ఫైల్లో పెట్టించారు. అందుకే ఆవిణ్ణి మేం ‘ఎర్రసిరా’ అనేవాళ్ళం, ఆవిడ వినని చోట.

ఇక ఆ చివరి రోజు.

సాయంత్రం అయిదింటికి పట్టికలు ప్రెస్సుకు వెళ్ళాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు నేను భాషల పట్టిక కూడడం పూర్తిచేశాను. అట్టడుగున ‘అవతలి భాష’ ఉంది. ఏటి అవతలి కొండలనుంచి వచ్చినవాళ్ళ భాషకి ఊళ్ళో అందరూ పెట్టిన పేరది. కిందటి లెక్కల్లో నూటముప్పైమంది మాట్లాడేవారు. ఈసారి తొంభైయేడు. నూరుకు తగ్గితే భాషకి పట్టికలో పేరుండదు. ‘ఇతరములు’ అనే గోనెసంచిలో పడుతుంది. నేను ఆ పేరు మీద స్కేలు పెట్టి కొట్టేయబోతున్నాను.

మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. “కొట్టెయ్యకు.”

“తొంభైయేడండీ.”

“పెద్దాసుపత్రిలో దుబాసీని తీసేస్తారు.”

అప్పుడు చెప్పాడు. డాక్టరు మాటను రోగికి, రోగి మాటను డాక్టరుకు అందించడానికి ఆసుపత్రివాళ్ళు దుబాసీలను పెట్టుకుంటారు. ఏ భాషకి పెట్టుకోవాలో మా పట్టిక చూసి నిర్ణయిస్తారు. అవతలి భాషకి ఉన్నది ఒకే ఒక్క దుబాసీ, అదీ మధ్యాహ్నం పన్నెండు దాకానే. ఇస్త్రీ అవ్వ మొగుడికి వచ్చే నెల పదో తారీఖున గుండె ఆపరేషన్. ఆయనకి ఆ భాష తప్ప ఇంకొక ముక్క రాదు. నాలుగేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం, దుబాసీ పని ముగించుకుని వెళ్ళిపోయాక, ముసలాయన రొమ్ము మీద చెయ్యి వేసి చూపిస్తే, భుజం పట్టేసిందనుకుని కట్టు కట్టి పంపేశారు. గేటు దాటకుండానే పడిపోయాడు.

“ఇప్పుడసలు దుబాసీయే లేకపోతే ఆపరేషన్ బల్ల మీద ఏం చూపిస్తాడు, అల్లుడూ?”

నాకూ జాలేసింది. కానీ జాలిని కూడికలో వేయడానికి వీల్లేదు. “మావయ్యగారూ, లెక్క లెక్కే.”

“లెక్క లెక్కే. నేను కాదన్నానా? లెక్కలో తప్పుంటేనో?”

ఫారాలు నింపేవాళ్ళకు ఒక బద్ధకం ఉంది. ఇంటి పెద్దకు ఒక జవాబు రాసి, కిందివాళ్ళందరికీ ‘పైదే’ అన్నట్టు రెండు చిన్న గీతలు గీసుకుంటూ పోతారు. ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఓ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు అవతలివాళ్ళ పిల్లలని మావయ్యకు తెలుసు. కట్ట లాగి చూశాం. అత్తగారి భాష కింద ఇద్దరు కోడళ్ళకూ రెండేసి గీతలు! తప్పు దిద్దాలంటే వాళ్ళ సంతకాలు కావాలి. ఒంటిగంటకు మావయ్య ఫారం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

రెండింటికి ఎర్రసిరా మేడమ్ హాల్లోకి వచ్చారు. “ఆయనేరీ?”

“టీకి వెళ్ళారు మేడమ్.”

మూడింటికి మళ్ళీ వచ్చారు. “ఇంకా టీయేనా?”

“వేడిగా ఉందేమో మేడమ్.”

ఆవిడ నా వైపు చూసిన చూపుకి నా వీపు మీద చొక్కా తడిసిపోయింది. ఆఫీసు ఫారాన్ని గేటు దాటించడం ఒక తప్పు. దాటించినవాణ్ణి కాయడం ఇంకో తప్పు. అంతకుముందు ఒక గుమాస్తా ఒకే ఒక్క అంకె మార్చినందుకు ఆ సాయంత్రానికల్లా ఇంటికెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆయన కుర్చీయే నేను కూర్చున్నది.

నాలుగు కావస్తుండగా మావయ్య చెమటలు కారుతూ వచ్చి ఫారం నా ముందు పెట్టాడు. రెండు సంతకాలూ ఉన్నాయి.

“ఇంతసేపా?”

“కోడళ్ళు ఒప్పుకోరే! అత్తగారికి అర్థం కాకుండా అత్తగారి గురించి మాట్లాడుకోడానికే వాడతారట ఆ భాష. ఆవిడ ముందు సంతకం ఎలా పెడతారు? అత్తగారిని పూర్వీకుల గురించి అడిగాను. తాతగారి ఫొటో తెస్తానని లోపలికి వెళ్ళింది. ఈలోగా పెట్టేశారు. తరవాత ఫొటో చూడకుండా రాలేనుగా!”

తొంభైతొమ్మిది.

గోడ మీద గడియారం నాలుగూ పది. మిగిలిన కట్టలన్నీ తిరగేశాం. ఎక్కడా ఇంకో గీత దొరకలేదు. నూటికి ఒకరు తక్కువ. తొంభైతొమ్మిదిమందికి గుండెలు లేనట్టు!

మావయ్య ఆ రోజు ఇస్త్రీకివ్వాల్సిన చొక్కా సంచీలోంచి లాగాడు. “ఆవిణ్ణి ఒక మాట అడిగి వస్తాను” అని లేచి, గేటు దాటి ఇస్త్రీ బల్ల దగ్గరికి పరిగెత్తాడు. కిటికీలోంచి చూస్తున్నాను. ఏదో అడిగాడు. అవ్వ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే ఒంగి ఒంగి నవ్వింది. ఆయన అంతే వేగంగా తిరిగొచ్చాడు.

“పెండింగ్ కట్టలోంచి నా ఫారం తియ్యి.”

తీశాను.

“ఎనిమిదో గడి అడుగు.”

“ఇప్పుడా?”

“మా ఇంటికి లెక్కలవాడివి నువ్వేగా. అడగవయ్యా!”

అడిగాను. “ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?”

“అవతలి భాష.”

కలం ఆగిపోయింది. “మావయ్యగారూ, ఇది ఉద్యోగాలు పోయే పని. నాదీ, మీదీ.”

“నన్ను అడిగావు, నేను చెప్పాను. రాయడం నీ పని.”

“ఏది, నన్నూ చూడనివ్వండి.”

వెనకనుంచి చెయ్యి వచ్చి ఫారం తీసుకుంది. ఆ చేతి వేళ్ళ మధ్య ఎర్ర కలం. హాల్లో నలభై బల్లల మీద కాయితాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. ఆవిడ పట్టిక చూశారు, ఫారం చూశారు, మావయ్యను చూశారు. విషయం బోధపడటానికి ఆవిడకి అర నిమిషం కూడా పట్టలేదు.

“ఎక్కడ పుట్టారు మీరు?”

“ఈ ఊళ్ళోనే మేడమ్.”

“పూర్వీకులు?”

“అయిదింటిలోపు తేలదు మేడమ్.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తల తిప్పగానే ఆ నవ్వు చచ్చిపోయింది.

“ఈ భాష ఎప్పణ్ణుంచి?”

“నాలుగేళ్ళ నుంచి.”

“ఇంట్లో ఎవరితో మాట్లాడతారు? ఒంటరి మనిషి కదా?”

“నాతోనే మేడమ్.”

నేను సూచనల పుస్తకం తిరగేశాను. ‘ఇంట్లో ఎక్కువగా మాట్లాడు భాష’ అని ఉంది. ఎవరితో అన్నది లేదు. ఒంటరివాళ్ళ సంగతి ఆ పుస్తకం రాసినవాడికి తట్టినట్టు లేదు. పేజీ చూపించాను. ఆవిడ చదివి పుస్తకం మూశారు. “రూలు సరే. నిజమేనా అన్నది నా ప్రశ్న. ఎవరైనా చెబుతారు, నాకు ఆ భాష వచ్చని.”

సరిగ్గా అప్పుడే గుమ్మంలో గొడవ. “ఆపినా ఆగడం లేదండీ” అంటూ వాచ్‌మన్, అతన్ని మోచేత్తో నెట్టుకుంటూ ఇస్త్రీ అవ్వ. చేతిలో మావయ్య చొక్కా. వస్తూనే మావయ్య మీద విరుచుకుపడింది. అరవైమూడు భాషలు కూడినవాణ్ణి, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మావయ్య చొక్కా లాక్కుని, కాలర్ ఎత్తి ఆవిడ ముక్కు దగ్గర పెట్టి, అదే భాషలో అంతకు రెట్టింపు వేగంతో అందుకున్నాడు. ఆవిడ ఒకటంటే ఈయన రెండన్నాడు. ఆవిడ నడుం మీద చెయ్యి వేసింది. ఈయన రెండు చేతులూ వేశాడు. ఖాళీ డబ్బాలబండి! ఇది నేను నాలుగేళ్ళుగా సాయంత్రం ఆరింటికి వింటున్న బండే!

“ఏమంటోంది?” అన్నారు మేడమ్.

“డబ్బులివ్వకుండా పారిపోయానంటోంది మేడమ్.”

“మీరేమన్నారు?”

“కాలర్ కాల్చావు, ఇవ్వనన్నాను.”

“దానికి ఆమె?”

మావయ్య నేల చూపులు చూశాడు. “ఆడవాళ్ళ ముందు చెప్పే మాట కాదు మేడమ్.”

మేడమ్ పెదవి మూల ఏదో కదిలిందని ఇప్పటికీ నా అనుమానం. మరుక్షణంలో మాయమైంది. గడియారం నాలుగూ నలభైయేడు.

“మాట్లాడటం వచ్చు. ఒప్పుకున్నాను. కానీ గడి అడిగేది ఇంట్లో మాట్లాడే భాష.” నా వైపు తిరిగారు. “పై వాటా మీదేగా?”

“నాదే మేడమ్.”

“ఆగండి. క్వార్టర్స్ ఫిర్యాదుల ఫైలు తెమ్మనండి.”

ఫైలు వచ్చింది. ఆవిడ ఒక కాయితం తీసి హాలంతటికీ వినబడేలా చదివారు. “‘కింది వాటాలో నివసించు సదరు ఉద్యోగి ప్రతిదినమూ సాయంత్రం ఆరు మొదలు ఎనిమిది వరకు, నాకు తెలియని ఒక భాషలో, బిగ్గరగా తనలో తాను మాట్లాడుకొనుచున్నందున నా మనశ్శాంతికి తీవ్ర భంగము కలుగుచున్నది.’ సంతకం మీదేనా?”

“నాదే.”

“తారీఖు?”

“మూడేళ్ళ కిందటిది మేడమ్.”

“ఇది అబద్ధమంటే తోటి ఉద్యోగి మీద తప్పుడు ఫిర్యాదు చేసినందుకు మీ మీద చర్య. నిజమంటే ఆయన గడి నిజం. ఏమంటారు?”

ఆ భంగమైన మనశ్శాంతి అంత పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. “అక్షరాలా నిజం మేడమ్. నెలకి ముప్పై రోజులూ. ఆదివారాలు కూడా.”

“అయితే రాయండి. నన్నేం చూస్తారు, పదకొండు నిమిషాలుంది.”

రాశాను. తొంభైతొమ్మిది కొట్టేసి నూరు వేశాను. ఆవిడ పక్కన ఎర్రసిరాతో సంతకం పెట్టారు. పట్టికల కట్ట అయిదింటికి రెండు నిమిషాల ముందు గేటు దాటింది.

ఇంటికి నడుస్తూ అడిగాను. “నాలుగేళ్ళ నుంచి ఇదా సంగతి? నాకు చెప్పొచ్చుగా!”

“నువ్వు కాయితం పెట్టావు గానీ, ఏమిటండీ అని ఒక్కసారి అడిగావా?”

మధ్యాహ్నాలు దుబాసీ ఉండదు కదా. ముసలాయన భుజానికి కట్టు కట్టించుకుని పడిపోయిన మర్నాటినుంచీ మావయ్య అవ్వ దగ్గర చేరాడు. చొక్కా ఇస్త్రీ అయ్యేలోపు పది నిమిషాల పాఠం. సాయంత్రం ఇంట్లో వల్లెవేత. ముసలాయన్ని మధ్యాహ్నం పూట ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడల్లా ఈయన సెలవు పెట్టి పక్కన కూర్చునేవాడు.

“ఏడు చొక్కాలు ఒకేసారి ఇస్తే ఆరు పాఠాలు పోవూ? నీకు లెక్కలు రావని అందుకే అన్నాను.”

“మరి ఆపరేషన్‌కి మీరే దుబాసీగా వెళ్ళచ్చుగా?”

“నాకొచ్చింది చొక్కాల భాష అల్లుడూ. గుండె సంగతి అడిగితే గుండీ సంగతి చెబుతాను. అక్కడ అసలు మనిషి ఉండాలి.”

“సెలూన్‌లో అడిగినప్పుడు నోరెందుకు పెగల్లేదు?”

“వాళ్ళ భాష వాళ్ళది. నాదని చెప్పుకుంటే దొంగ సొమ్ములా ఉంటుందనిపించింది. అందుకే ఇవాళ ఆవిణ్ణే అడిగొచ్చాను, రాసుకోమంటావా అని.”

“ఏమంది?”

“‘నీ భాష వింటే మావాళ్ళు వెనక్కి ఏరు దాటి పారిపోతారు, అయినా రాసుకో’ అంది. నవ్వుతూ పెట్టె చొక్కా మీదే ఉంచేసింది.”

పుస్తకం అచ్చయి వచ్చింది. భాషల పట్టికలో అట్టడుగున, ‘ఇతరములు’కి సరిగ్గా ఒక వరస పైన, అవతలి భాష: నూరు. దుబాసీ ఉద్యోగం నిలిచింది. పదో తారీఖున ముసలాయన ఆపరేషన్ అయింది. స్పృహ వచ్చాక ఆయన మొదట అన్న మాటను దుబాసీ డాక్టరుకు చేరవేసిందట: “బాబూ, మీరెక్కడ పుట్టారు, ఇంట్లో ఏం మాట్లాడతారు?” జబ్బు అంటుకుంది.

నేను పై వాటాలోనే ఉన్నాను. సాయంత్రం ఆరుకి బండి కదలకపోతే కిందికి వెళ్ళి తలుపు కొడతాను. మావయ్య రోజుకో చొక్కా పట్టుకెళుతూనే ఉన్నాడు. కాలిన కాలర్ సంగతి ఇద్దరూ రోజూ ఎత్తుతూనే ఉన్నారు. ఆ చొక్కా ఇస్త్రీ డబ్బులు ఆయన అవ్వకి ఇంకా బాకీ.